హమాలీ కట్టిన ముడి

ఇవాళ పొద్దున ముత్తంగి దగ్గర వాన పడింది. లోడు మీద తాడు గుంజుతుంటే తడిసిన తాడు వాసన, దానిలో కలిసిన డీజిల్ వాసన ఒక్కసారిగా ముక్కుకు కొట్టాయి. అరచేతులు మండాయి. నర్సింలన్న గుర్తొచ్చాడు. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. కర్దనూర్ మనిషి, బక్కగా పొడుగ్గా ఉండేవాడు, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు. ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఆయన గురించి ఎక్కడైనా నాలుగు మాటలు ఉండాలని నా కోరిక, అంతే.

మా ఆయన గుండె ఆగి పోయినప్పుడు ఇంటి ముందు డీసీఎం మిగిలింది. డీసీఎం అంటే మరీ పెద్ద లారీ కాదు, ఫ్యాక్టరీల సరుకు మోసే నడిమి బండి. అది మా ఆయనకూ మా మరిది రవీందర్‌కూ ఉమ్మడి. మరిది అమ్మేద్దామన్నాడు. నేను నడుపుతానన్నాను. పెళ్లికి ముందు భానూర్‌లో మా నాయిన ట్రాక్టరుతో పొలం దున్నినదాన్ని, స్టీరింగు అంటే నాకు భయం లేదు. రవీందర్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. నేను లైసెన్సు తెచ్చుకున్నాక, "సరే వదినె, నడుపు. గని ఒక్క లోడు కింద పడ్డదంటే ఆ రోజే చావి నా చేతిల పెట్టాలె" అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? మా ఆయన పన్నెండేళ్లు కూర్చున్న సీటు అది. ఎవడో వచ్చి దాన్ని తోలుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూడడం నా వల్ల కాదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల రోడ్డు మీద లోడు కోసం బండ్లు వరుసలో నిలబడతాయి. మొదటి రోజు నేనూ వెళ్లి నిలబెట్టాను. ముందు బండి డ్రైవరు సూరిబాబు. వాళ్ల నాన్న ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సూరిబాబు పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం అక్కడిదే. "ఏవమ్మా, నువ్వెక్కి కూర్చున్నావ్, మీ ఆయనేడీ? టీ తాగుతున్నాడా?" అన్నాడు. నలుగురు నవ్వారు. "సచ్చిపోయిండు" అన్నాను. సూరిబాబు చేతిలో బీడీ చేతిలోనే ఆరిపోయింది. అప్పుడు వెనక లారీలోంచి నర్సింలన్న దిగొచ్చి, ఏమీ జరగనట్టు, "చెల్లె, టైర్లు సూసినవా?" అన్నాడు.

"సూసినన్నా. మంచిగనే ఉన్నయి."

"కండ్లతోటి సూస్తే అన్ని గుండ్రంగనే కనవడ్తయి. ఇగో, కట్టెతోటి కొట్టి ఇను."

ఒక్కో టైరునూ కొడుతూ వెళ్లాను. అన్నీ ఖణేల్‌మన్నాయి. వెనక జంట టైర్లలో లోపలిది మాత్రం దబ్బుమంది. పక్క టైరు మోస్తుండడం వల్ల అది పైకి బాగానే కనిపిస్తోంది, లోపల గాలి లేదు. "ఇది అలిగింది. మాట్లాడుత లేదు" అన్నాడు నర్సింలన్న. పంచరు వేయించడానికి జాకీ పట్టుకొని వచ్చింది ఎవరనుకున్నారు? సూరిబాబే. నా మొహం చూడకుండా నట్లు విప్పి, చూడకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రోజుకొక మాట చెప్పేవాడు నర్సింలన్న. రివర్సు తీసే ముందు దిగి, బండి పోయే జాగాను నడిచి చూడమన్నాడు. బిల్లు చదవడం రాకపోతే మానె, అంకెలు వస్తాయి కదా, బిల్లు మీది బండి నంబరూ నా బండి నంబరూ ఒక్కొక్క అంకె కలిపి చూసుకున్నాకే గేటు దాటమన్నాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది తాడు గురించి. "హమాలీ ముడి ఏస్తడు, ఇంటికి పోతడు. లోడు నీతోని వస్తది. ఐదారు కిలోమీటర్లు పోయినంక బస్తాలు సర్దుకుంటయి, తాడు వదులైతది. దిగి, ఆ ముడి ఇప్పి, గుంజి, నీ ముడి ఎయ్యాలె." ఆయనది ఎడమచేతి వాటం. ఆయన నేర్పిన ముడికి కొస ఎడమకు వస్తుంది. మా వరుసలో ఎవరు చూసినా అది నర్సింలు ముడి అని చెప్పేస్తారు.

నాలుగో వారంలో ప్లాస్టిక్ గుళికల బస్తాలు ఎక్కించారు. నున్నటి బస్తాలు, ఒకదాని మీద ఒకటి జారతాయి. తాడు బిగించుకోవడానికి అందరూ ఆగేది ముత్తంగికి ఇవతల ఒక టీ కొట్టు ముందు. ఆ రోజు అక్కడ పదిహేను మంది దాకా డ్రైవర్లు ఉన్నారు. చీర మీద మా ఆయన చొక్కా తొడుక్కొని, అంతమంది ముందు లోడు మీదికి ఎక్కాలి. ఎక్కలేకపోయాను. బాగానే ఉందిలే అనుకొని పోనిచ్చాను. రింగు రోడ్డు ఎక్కే మలుపులో అద్దంలో చూస్తే లోడు పక్కకు ఒరుగుతోంది. పక్కకు తీసి ఆపేలోపు ఏడెనిమిది బస్తాలు జారి రోడ్డు అంచున పడ్డాయి. దేవుడి దయ, ఎవరి మీదా పడలేదు. నర్సింలన్నకు ఫోను చేశాను.

"నువ్వు మంచిగున్నవా? ఎవలకన్న తాకిందా? లేదా, అయితే ఏం గాలే. ఇండికేటరు ఎయ్యి, బండి ఎనక కొమ్మలు పెట్టు. లోడు ఒరిగిన దిక్కు నిలవడకు. వస్తున్న."

సూరిబాబునూ ఇంకో ఇద్దరినీ తీసుకొని వచ్చాడు. "ఏడ ఆగినవ్?" అని అడిగాడు. "టీ కొట్టు కాడ" అన్నాను. అబద్ధం. ఆయన లోడు చుట్టూ తిరిగి తాడు దగ్గర ఆగాడు. హమాలీ కట్టిన ముడి కట్టినట్టే ఉంది, కొస కుడికి వేలాడుతోంది. మిగతావాళ్లు అటు వచ్చేలోపు తన ఎడమచేత్తో దాన్ని విప్పేసి, నా వైపు ఒక్కసారి చూసి, బస్తాలు మోయడానికి వెళ్లిపోయాడు. ఆ చూపుకు నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అందరూ సర్దిపెట్టి వెళ్లాక నేనే చెప్పాను. "ఆగలేదన్నా. అందరు సూస్తరని సిగ్గయింది."

"నాకు తెలుసు. నేను కొత్తల గిట్లనే సిగ్గువడ్డ. తాడు మల్ల గుంజితే కట్టరాదంటరని ఆగలే. పటాన్‌చెరు అడ్డ మీద టమాటలన్ని పోసిన. ఆవులు, మేకలు, మనుషులు, అందరు తిన్నరు. ఏడాదిదాక నన్ను టమాట నర్సింలు అన్నరు." ఏడుస్తూనే నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. "ఫ్యాక్టరీకి నువ్వే ఫోన్ చెయ్యి. రవీందర్‌కు గూడ నువ్వే చెప్పు. వేరేటోడు చెప్తే ఇంకో పది బస్తాలు ఎక్కువ పడతయి. చావి అడిగితే రేపు పొద్దుగాల ఈ వరుస కాడికే రమ్మను."

చెప్పాను. ఫ్యాక్టరీ వాళ్లు రెండు మాటలన్నారు, పడ్డాను. రవీందర్ తాళంచెవి అడిగితే వరుస దగ్గరికే రమ్మన్నాను. పొద్దున్నే వచ్చి చేయి చాపాడు. ఇచ్చిన మాట కదా, తాళంచెవి అతని చేతిలో పెట్టేశాను. నర్సింలన్న టీ గ్లాసు పక్కన పెట్టి గట్టిగా అరిచాడు: "ఏయ్, ఎవలెవలు ఏం పోసిండ్రో చెప్పుండ్రి జెర!"

"సిమెంటు!" అన్నాడొకడు. "నేను కోళ్ల దాణా. వానల పోసిన." "ఖాళీ సీసాలు. ఆ సప్పుడు ఇంక చెవులల్ల ఉంది." సూరిబాబు తల గోక్కున్నాడు. "గుడ్లండీ బాబూ. లారీడు కోడిగుడ్లు. ఎండాకాలం పోయేదాకా మా ఆవిడ నన్ను బయటే పడుకోబెట్టింది."

రవీందర్ నోరు తెరిచి చూస్తున్నాడు. "అందరు పోసినోళ్లేనా?"

"పొయ్యనోన్ని ఒక్కన్ని సూపెట్టు, నా లారీ వానికిస్త" అన్నాడు నర్సింలన్న.

రవీందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత నన్ను అడిగాడు, "ఇగ ఆగుతవా వదినె?" "ఆగుత." తాళంచెవి తిరిగి నా చేతికొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం టీ కొట్టు ముందు బండి ఆపి, అందరూ చూస్తుండగా లోడు ఎక్కాను. ఎవరూ నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ తలెత్తి చూడనే లేదు, ఎవరి తాడు వాళ్లు గుంజుకుంటున్నారు.

నర్సింలన్న పోయి రెండేళ్లవుతోంది. బండి నా దగ్గరే ఉంది. ఆయన నేర్పిన పనులు చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి, వాటిని నేను పెద్దగా తలుచుకోను. తలుచుకునేది ఇంకొకటి. తప్పు నాదని తెలిసి కూడా ఆ రోజు ఆయన మొదట తన టమాటాలే నా ముందు పోశాడు. మొన్న ఒక కొత్త డ్రైవరు, బీహార్ అబ్బాయి, పెళ్లాం కడుపుతో ఉందని చెప్పినవాడు, టీ కొట్టు దగ్గర ఆగకుండా దూసుకుపోయాడు. వెంటనే ఫోను చేశాను. "తమ్మీ, బండి జెర పక్కకు ఆపు. తిట్టనీకి కాదు. నేను బస్తాలు ఎట్ల పోసిన్నో నీకు చెప్పాలె."