కింద ఉరికే అక్షరాలు

జడ్చర్లలో పాలమూరు బస్సెక్కితే, కిటికీ పక్కన యాభై ఏళ్ల ఆమె ఒకరు కూర్చుని కనిపించిన బోర్డునల్లా పైకి చదువుతోంది. "ఎ...రు...వుల దుకాణం! కంటి దవాఖాన!" చదివిన ప్రతిసారీ గెలిచినట్టు నా వైపు చూస్తోంది.

"ఏ బడిల సదివినవమ్మా?" అన్నాను.

"బడెక్కడిది బిడ్డా! కేబుల్ టీవీల మన ఊరి వార్తలొస్తయి సూడు, గా బొమ్మ కింద అక్షరాలు ఉరుకుతయి. అవ్వి సూసే నేర్సుకున్న. మొదలు సదివింది 'బర్రె'. ఎవరిదో తప్పిపోయిందట, మూడు దినాలు గదే తిరిగింది!"

ఆ చానల్లో కింది వరస టైపు చేసేది నేనే.

"గాని గా రాసేటాయన శానా తొందరోడు. 'రేపు నల్లా నీళ్లు' అని కూడబలికేటాల్లకు 'రావు' ఉరికిపాయె. తెల్లారి బిందె పట్టుకొని నల్లా కాడ గంటసేపు నిలబడ్డ!" అని పకపకా నవ్వింది.

సాయంత్రం డ్యూటీ ఎక్కగానే ఆ అక్షరాల వేగం సగానికి తగ్గించాను.

"ఏందయ్యా, నత్త లెక్క పోతాంది?" అని ఓనరు అరిచాడు.

"సదివేటోళ్లున్నరు సార్," అన్నాను.