మా ఊళ్ళో ఒక్కడూ లేడు

తెలంగాణ సరిహద్దుకు ఇవతల, మద్దేడు దాటి భోపాలపట్నం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన మా కిరాణా దుకాణం కనిపిస్తుంది. దుకాణం మా ఆయనది, నోరు నాది. ఆ నోరు చూసే మా వార్డువాళ్ళు నన్ను పంచాయతీలో పంచ్‌గా, అంటే వార్డు మెంబరుగా గెలిపించారు. కనీసం మీటింగుల రోజైనా ఇంట్లో శాంతిగా ఉంటుందని ఓటేశానని మా ఆయన అందరికీ చెప్పుకుంటాడు.

మా ఊరికీ వాగవతలి ఊరికీ ఎప్పుడూ పోటీయే. మాకు ఒక బోరు పడితే వాళ్ళకు రెండు కావాలి. వాళ్ళ సంతలో కోడిపందెం జరిగితే మా సంతలో అంతకన్నా పెద్దది జరగాలి. ఇద్దరు సర్పంచులూ వరసకు బావా బామ్మర్దులు. ఎదురుపడితే ముందు తిట్టుకుని, తర్వాత కుశలం అడుగుతారు. అలాంటి రెండు ఊళ్ళు కలిసి ఒక పని చెయ్యాల్సి వచ్చింది. దానికి కారణం మత్తు గోలీలు.

నొప్పికి వేసుకునే మందే అది, నల్లమందు జాతిది. తెలంగాణ వైపు మిరప కోతకు వెళ్ళినవాళ్ళు నడుము లాగితే ఒకటి, నిద్ర పట్టకపోతే ఒకటి అని మొదలుపెట్టి, తిరిగొచ్చేటప్పుడు సంచిలో వేసుకొచ్చారు. మా తమ్ముడు కోతకు పోలేదు, లారీ నడిపేవాడు. ఒకసారి లారీ బోల్తాపడి వాడి నడుము దెబ్బతింది. నడుము బాగైనా గోలీ మాత్రం వదల్లేదు. లారీ యజమాని పనిలోంచి తీసేశాడు, భార్య పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. వైద్యం జగదల్పూర్‌లో ఉంది, బస్సులో ఒక పూటంతా పడుతుంది. రెండుసార్లు తీసుకెళ్ళి చేర్పించాను. రెండుసార్లూ పలకరించే మనిషి లేక వాడు మధ్యలోనే బస్సెక్కి వచ్చేశాడు. ఊళ్ళో నడుము నొప్పి అని చెప్పుకున్నాం. దగ్గర్లో మత్తు మాన్పించే కేంద్రం రాకపోతే వాడు నాకు దక్కడని భయం. అందుకే కేంద్రం కావాలని పంచాయతీలో అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

మండలాఫీసు లాంటి జనపద్ ఆఫీసులో అధికారి దారి చెప్పాడు. గనుల సొమ్ము నుంచి జిల్లాకు వచ్చే నిధి ఒకటి ఉందట. ఒక్క పంచాయతీ అడిగితే పట్టించుకోరు, రెండూ కలిసి అడగండి అన్నాడు. సరేనని చెరో తీర్మానం రాసుకుని వెళ్ళాం. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. మా సర్పంచ్ రాయించింది ఇదీ: మా పంచాయతీలో మత్తు గోలీ ముట్టినవాడు ఒక్కడూ లేడు, వాగవతలివాళ్ళు పాడైపోతున్నారు, దయతో వాళ్ళ కోసం కేంద్రం ఇప్పించండి. వాళ్ళ కాగితంలోనూ అచ్చం అదే ఉంది. కాకపోతే అందులో పాడైపోతున్నది మేము.

"ఎవరూ లేనప్పుడు కేంద్రం ఎవరికి?" అని అధికారి హిందీలో అడిగాడు.

మా సర్పంచ్ వాగవతలి సర్పంచ్‌ను చూపించాడు. ఆయన మా సర్పంచ్‌ను చూపించాడు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు, ఇక్కడ రెండు గింజలు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాయి.

"పేర్లు నాకొద్దు. ఉమ్మడి గ్రామసభ పెట్టండి. మా ఊళ్ళో ఉన్నారని మీ జనం నా ముందు ఒప్పుకుంటేనే ఫైలు కదులుతుంది" అన్నాడాయన.

తిరుగుదారిలో మా సర్పంచ్ జీపులో తల పట్టుకున్నాడు. "ఉన్నరని ఒప్పుకుంటే ఊరి ఇజ్జత్ ఏం గావాలక్కా? రేపు మన పోరగాండ్లకు పిల్లనెవడిస్తడు?"

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో తమ్ముడు చేతులు వణికి చాయ్ గ్లాసు పట్టుకోలేకపోతుంటే ఈయనకు పెళ్ళి సంబంధాల బెంగ. బతిమాలితే లాభం లేదనిపించింది. మరునాడు ఉప్పు కోసం వాగవతలి సర్పంచ్ భార్య దుకాణానికి వచ్చింది. తూకం వేస్తూ అన్నాను, "నీకు ఎరుకేనా వదినా? ఏ ఊళ్ళె గోలీలు మింగేటోళ్ళు ఎక్కువుంటే బిల్డింగు ఆ ఊళ్ళెనే కడతరంట. మావోళ్ళు ఇప్పటికే మందిని జమ చేస్తుండ్రు. ఎవరికీ చెప్పకు." చెప్పొద్దనకపోతే ఆవిడ చెప్పదు, నాకు తెలుసు. అదే మాటను తిరగేసి మా సర్పంచ్ చెవిలో కూడా వేశాను.

సభ రోజు సంత షెడ్డు కిటకిటలాడింది. అధికారి తన వెంట ఆసుపత్రి నర్సమ్మను కూడా తెచ్చాడు. గోలీలు మింగేవాళ్ళెవరని ఆయన అడగడం పూర్తికాకముందే రెండు వైపులా చేతులు లేచాయి. పళ్ళకు పొగాకు గుడాఖు రుద్దుకునే ముసలమ్మ అందరికంటే ముందుకొచ్చి, "అది రుద్దకుంటే నాకు కండ్లు తెరుసుకోవు బిడ్డా, నన్ను గూడ రాస్కో" అంది. ఇది గోలీల సంగతి, గుడాఖు లెక్కలోకి రాదని నర్సమ్మ చెప్పింది. "మరి ఏ గోలీ అని చెప్పాలె? జర పేరు చెప్పు" అని ముసలమ్మ అడిగింది. వాగవతలి కోడిపందేల పెద్దమనిషి కళ్ళు తేలేసి బెంచీ మీద ఒరిగిపోయాడు. నటన బాగాలేదని మావాళ్ళు కేకలేశారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి మా తమ్ముడు లేచాడు. వాణ్ణి నేను రమ్మనలేదు.

"నేను రోజు మింగుతున్న సాబ్" అన్నాడు. "మింగకుంటే పానం ఉండనిస్తలేదు. మానాలనే ఉంది. ఒక్కన్నే అయ్యేసరికి నాతోని అయితలేదు."

షెడ్డంతా గొల్లుమంది. వాడు ఒకప్పుడు ఊళ్ళో పేరుమోసిన వేషగాడు, సర్పంచ్ నడకను సర్పంచ్‌కే నడిచి చూపించినవాడు. అందరి నాటకాల్లోకీ ఇదే బాగుందని ఈలలు వేశారు. పిల్లలు ఫోన్లు తీసి వీడియో పట్టారు. మా సర్పంచ్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వి, "ఇగ కూసోరా, మనమే గెలిచినం" అన్నాడు. తమ్ముడు కూర్చోలేదు. ముఖం మాడిపోయి నావైపు చూశాడు.

నేను లేచి వాడి పక్కన నిలబడ్డాను.

"వాడు నాటకమాడుతలేడు. నడుము నొప్పని అబద్ధం చెప్పింది మేము. ఇందాకటి సంది నిజం చెప్పింది వాడొక్కడే. నవ్వేటోళ్ళు ఇప్పుడు నవ్వుండ్రి" అన్నాను. సిగ్గుతో కాదు, కోపంతో.

ఎవరూ నవ్వలేదు. ముందు ఫోన్లు దిగాయి, తర్వాత చేతులు దిగడం మొదలైంది. ముసలమ్మ తన చేతిని కొంగు కింద దాచుకుంది. కోడిపందేల పెద్దమనిషి బెంచీ మీద సరిగ్గా కూర్చున్నాడు. అయినా కొన్ని చేతులు దిగలేదు. అటు కొన్ని, ఇటు కొన్ని. అందులో ఒకటి మా సర్పంచ్ వెనకాలే ఉంది. అది అతని పెద్దకొడుకుది.

సర్పంచ్ వెనక్కి తిరిగి చూసి, దించమన్నట్టు ఆ మణికట్టు పట్టుకున్నాడు. కొడుకు చెయ్యి బిగించాడు, దించలేదు. అధికారి తల వంచుకుని రాసుకోసాగాడు. మా తమ్ముడు జనాన్ని తప్పించుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, కేంద్రం ఎన్నడొస్తదో ఏందో. అప్పటిదాక ఆగొద్దు. రేపు పొద్దుగాల జగదల్పూర్ బస్సుకు వీన్ని నాతోని తోలియ్యి. ఇద్దరముంటే నేను గూడ మధ్యల ఉరుక్కుంట రాను."

సర్పంచ్ తల ఊపాడు. కొడుకు చేతిని ఆయన పట్టుకునే ఉన్నాడు, కిందికి మాత్రం లాగలేదు.