ఈలవేసే బాణానికి నేనిచ్చిన తీర్పు

ఆ రోజుల్లో లోకమంతటికీ ఒకటే భయం, దాని పేరు వైటూకే. సంవత్సరాన్ని రెండంకెలతో గుర్తుపెట్టుకునే కంప్యూటర్లు రెండువేల సంవత్సరం రాగానే మతిచెడి, బ్యాంకులను ముంచి, విమానాలను కూలుస్తాయని పత్రికలు ఘోషించేవి. ఆ ఘోష పుణ్యమా అని, ప్రాచ్య కళాశాలలో అలంకారశాస్త్రం చదువుకున్న నాబోటివాడు సైతం అమీర్‌పేటలో కొన్నాళ్ళు కోబాల్ అనే కంప్యూటరు భాష వల్లెవేసి, మెల్‌బోర్న్‌లో ఒక బీమా కంపెనీకి నిపుణుడై దిగాడు. (యతిభంగాన్ని పండితులు క్షమిస్తారేమో గాని, వాక్యం చివర చుక్క మరచినవాణ్ణి కోబాల్ క్షమించదు.) తీరా జనవరి వచ్చింది. ఏ విమానమూ కూలలేదు. కూలబోయేవి మా ఉద్యోగాలేనన్న సంగతి మాత్రం క్రమంగా బోధపడసాగింది. నా కాంట్రాక్టు జూన్ నెలాఖరుతో సరి. వీసా ఆ కాంట్రాక్టు కొక్కానికే వేలాడుతోంది. పొడిగించే అధికారం మా మేనేజరుది.

మేము చాటుగా 'దొర' అని పిలుచుకునే ఆ మేనేజరుకు విల్లుతో జింకలను వేటాడటం వ్యసనం. ఒకనాటి మధ్యాహ్నం భోజనాల గదిలో ఆయన వేట కబుర్లు చెబుతూంటే, నా నోరు ఊరుకోక, మా దేశంలో పూర్వం చప్పుడును బట్టి గురి చూసేవారనీ, ఆ విద్యను శబ్దభేది అంటారనీ సుదీర్ఘంగా ఉపన్యసించాను. ఆనాటినుంచి దొర దృష్టిలో నేనొక విలుకాణ్ణి. కాదని చెప్పడానికి జూన్ నెల అడ్డొచ్చింది. ఊరి శివారు వెర్రిబీలో నాతో ఒకే ఇంట్లో ఉండే హైదరాబాదు మిత్రుడు (అందరికీ ఆయన 'భాయ్') ఇది విని పప్పులో గరిటె వదిలేసి నవ్వాడు. "అరె పంతులూ, నువ్వు దోమను కొట్టబోతే గోడకు తగుల్తది. బాణం సంగతి నీకెందుకయ్యా?"

"బాణం నేను వెయ్యనుగా. అభిప్రాయం చెబుతానంతే."

"గదే డేంజరు," అన్నాడు భాయ్.

అభిప్రాయం అవసరపడ్డ వివాదం ఇది. వేటబాణానికి రెక్కలున్న వెడల్పాటి ఉక్కుమొన బిగిస్తారు. రెక్కల్లో ఖాళీలుంటే వాటిలో గాలి దూరి, బాణం ఈలవేస్తూ పోతుంది. ఆ ఈల విని జింక బెదిరిపోతుందని దొర వాదం. అందుకే ఖాళీల్లేని మొనలను ఖరీదుపెట్టి తెప్పించుకున్నాడు. ఈలతో నిమిత్తమే లేదని ఆయన బావమరిది వాదం. ఊరికి దూరంగా కొండల అంచున గొర్రెలు పెంచే ఈ బావమరిది బాణాలన్నీ ఈలపాటగాళ్ళే. బావాబావమరదులు ఈ విషయమై పండుగ భోజనాల్లో కూడా మాట్లాడుకోవడం మానేసిన దశలో తీర్పరిగా నన్ను తీసుకుపోయారు.

పొలంలో ఒక గడ్డిమోపును జింకగా నిలిపి, దాని పక్కనున్న మట్టిగట్టు వెనుక నన్ను కూర్చోబెట్టారు. బావమరిది బాణం వదిలాడు. ముందు వింటినారి 'టప్'మంది. దాని వెంటనే ఈల. ఆపైన మోపులో 'దభీ'. జింకకు చెవులుంటే నారి చప్పుడుకే అదిరిపడాలి. ఈల వినేసరికే సగం గెంతు పూర్తయి ఉండాలి. న్యాయం నిస్సందేహంగా బావమరిది పక్షాన ఉంది. గట్టు చాటునుంచి వస్తూంటే దొర నా భుజంమీద చెయ్యివేశాడు. (ఆయన మాటలను తెనిగిస్తున్నాను.)

"ఈల వినిపించిందా లేదా, మేట్?"

ఆ చేతి బరువులో నా వీసా బరువంతా తెలిసింది. శాస్త్రం చదివినవాడు ఇటువంటప్పుడే అక్కరకొస్తాడు. గొంతు సవరించుకుని, "అనుభవమున్న జింకకు ఈలతో పనిలేదు, అనుభవంలేని జింకకు ఈలే ప్రమాదసూచన," అన్నాను. బావమరిది మొదటి సగం విని టోపీ ఎగరేశాడు. దొర రెండో సగం విని నాకు బీరందించాడు. (తాగనని చెప్పి, చల్లగా ఉంటుందని చెంపకు ఆనించుకున్నాను.) ఇద్దరినీ గెలిపించిన తీర్పు ధర్మాసనాల చరిత్రలో మరొకటి లేదని ఆ సాయంత్రం భాయ్‌తో గొప్పలు చెప్పుకున్నాను.

ఏప్రిల్‌లో, మగజింకలు జతకోసం అరిచే రోజుల్లో, తెల్లవారగానే ముగ్గురం పొద మాటున కూర్చున్నాం. ఆకులు కదిలాయి. కొమ్ములు విప్పారిన మగజింక ఒకటి ముప్పై అడుగుల దూరంలోకి వచ్చి నిలబడింది. దొర విల్లెత్తబోయాడు.

"ఆగు. ముందు నా బాణం," అని నావైపు వేలు చూపిస్తూ గుసగుసలాడాడు బావమరిది. "ప్రొఫెసర్ నేనే రైటన్నాడు."

"నువ్వా? ఆయన రైటన్నది నన్ను!"

"నా టోపీ మీద ఒట్టు, నన్నే!"

గుసగుస మాటయింది, మాట కేకయింది. ఆ జింక పారిపోలేదు. పార్లమెంటు చూడవచ్చిన యాత్రికుడిలా కాసేపు నిలబడి విని, విసుగుపుట్టి, నెమ్మదిగా చెట్లలోకి నడిచిపోయింది. ఈలబాణమూ మూగబాణమూ రెండూ అమ్ములపొదిలోనే ఉన్నాయి. అప్పుడు ఇద్దరూ ఏకకాలంలో నావైపు తిరిగారు. దొర పెళ్ళినాటినుంచి వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారట.

ఇక కాంట్రాక్టు గతేమిటని వారాల తరబడి దొర ముఖకవళికలకు భాష్యాలు రాసుకున్నాను. ఆయన దగ్గితే ఒక అర్థం, కాఫీ ఇస్తే మరొక అర్థం. చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎవరూ దగ్గకుండానే, మా విభాగం మొత్తానికి మూడు వాక్యాల ఈమెయిలు వచ్చింది. సేవలు చాలునట. గ్రహీతల వరుసలో దొర పేరు నా పేరుకన్నా పైనుంది. ఆయన అట్టపెట్టెలో సామాను సర్దుకుంటూ, బావమరిది దగ్గర లాక్కున్న ఈలమొన ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"వస్తున్న చప్పుడే వినపళ్ళేదు, మేట్," అన్నాడు.

నేను ఆ మొనను రుమాలులో చుట్టుకుని, ఆయన అట్టపెట్టెను లిఫ్టు దాకా మోసుకెళ్ళాను.

వీసా గడువు ముగిసేలోగా సిడ్నీలో మరొక కొలువు దొరకడం నా ప్రజ్ఞ కాదు, భాయ్ చలవ. అంచులు అరగదీసిన ఆ మొన ఇప్పుడు సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో నా రాతబల్లమీద ఉంది. ఈమధ్య వీధిలోని కుర్రాళ్ళు ఏదో కొత్త యంత్రం తమ ఉద్యోగాలను మింగేస్తుందన్న మోత విని కలవరపడుతూ వస్తుంటారు. "అంకుల్, నిజంగా వర్రీ అవ్వాలా? మీరు వైటూకే చూశారు కదా!" అంటారు. నేను గొంతు సవరించుకుని, "చూడు నాయనా, అనుభవమున్న జింకకు..." అని మొదలుపెడతాను.

వంటింట్లోంచి మా ఆవిడ కేక వినిపిస్తుంది: "ఏదో ఒకటే చెప్పండి. పాపం పిల్లాడు సగం పట్టుకుని ఇంటికిపోతాడు!"