లేని బర్రెకు దాణా

నా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంటి వెనక పశువుల దాణా దాచుకునే కొట్టు ఉండేది. ఉలవలు, సజ్జలు, జొన్నలు, పత్తిగింజలు, గానుగ నుంచి తెచ్చిన నువ్వుల చెక్క, అన్నీ అక్కడే. "బర్రె పాలు జాస్తి ఇయ్యాల్నంటె పత్తిగింజలు పెట్టాలె, ఎద్దుకు బలం రావాల్నంటె ఉలువలు ఉడకబెట్టాలె" అని మా నాయనమ్మ నాకు నేర్పేది.

పక్కింటి అక్కవాళ్లది మగ్గం ఇల్లు. వాళ్లకూ ఒక బర్రె ఉండేది. సాయంత్రం అక్క గంపతో వస్తే నాయనమ్మ పత్తిగింజలు, చెక్క పెట్టేది. పొద్దున అక్క చెంబుడు మజ్జిగ తెచ్చిచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరకక వాళ్ల మగ్గం ఆగిపోయింది. అక్క మొగుడు పని వెతుక్కుంటూ రాయచూరు పోయాడు. తర్వాత ఒకనాడు అక్క బర్రెను సంతకు తోలుకుపోవడం నేను అరుగు మీద కూర్చొని చూశాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో పలుపు ఒక్కటే ఉంది.

అయినా మర్నాడు సాయంత్రం అక్క గంపతో వచ్చింది.

"అత్తమ్మా, బర్రెకు జర దాణా పెడ్తవా" అంది, నేల చూస్తూ.

నాయనమ్మ పత్తిగింజలు ముట్టుకోలేదు. సజ్జలు, ఉలవలు చాటలో చెరిగి, రాళ్లేరి గంపలో పోసింది. పైన మంచి చెక్క ముక్క పెట్టింది. బర్రె దాణాకు రాళ్లేరడం నేనెప్పుడూ చూడలేదు.

"బర్రె మంచిగ తింటుందా బిడ్డా?"

"తింటుందత్తమ్మా."

అమ్మిన బర్రె మళ్లీ వచ్చిందేమోనని వాళ్ల పెరట్లోకి పోయి చూశాను. బర్రెను కట్టేసే గుంజ ఖాళీగా ఉంది. లోపల అక్క పిల్లలు ఉడికిన ఉలవలు తింటున్నారు. చిన్నవాడు చెక్క ముక్క చప్పరిస్తున్నాడు. ఉరికొచ్చి నాయనమ్మకు చెప్పాను.

"ఎర్కే" అంది పొయ్యి ఊదుతూ. "ఆమె ముందర అనకు."

అబద్ధమాడితే వాత పెడతానని బెదిరించే మనిషి అలా అనేసరికి నా బుర్ర తిరిగిపోయింది. బర్రె లేదని తెలిసి కూడా బర్రె బాగోగులు అడగడమేమిటి? అక్క జవాబు చెప్పడమేమిటి? రోజూ అదే మాట, అదే జవాబు.

దుక్కుల కాలం దగ్గర పడింది. ఎడ్ల కోసం దాచిన ఉలవలు తరిగిపోయాయని తాతయ్య కనిపెట్టాడు. అప్పుడే అక్క గంపతో వాకిట్లోకి వచ్చింది.

"ఉలువలు ఏడికి పోతున్నయే?" అని తాతయ్య నన్నే అడిగాడు.

అక్క అడుగు ముందుకు పడలేదు. నాయనమ్మ నావైపు చూడలేదు. నిజం చెబితే అక్క ఏమవుతుందో, అబద్ధం చెబితే నేనేమవుతానో తెలియక, "అక్కోళ్ల బర్రెకు పెడ్తున్నం తాతా" అన్నాను.

తాతయ్య గోడ అవతలి ఖాళీ గుంజ వైపు చూశాడు.

"పాలిచ్చే బర్రెకు ఉలువలొక్కటే యాడ సాలుతయి? జొన్నలు గూడ పెట్టున్రి" అని, తువ్వాల దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాతయ్యకు చూపు మందగించిందేమో అనుకున్నాను నేను.

వానలు పడ్డాక అక్క మొగుడు తిరిగొచ్చాడు. కొంచెం నూలు దొరికి మగ్గం మళ్లీ ఆడింది. అక్క గంపతో రావడం మానేసింది. బర్రె ఏమైందని మా ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు.

నాకు పిల్లలు పుట్టాక ఇందులో సగం అర్థమైంది. ఆనాడు నేను చెప్పింది అబద్ధమా కాదా అన్నది మాత్రం ఇంత వయసొచ్చినా తేల్చుకోలేకపోయాను. అయినా ఎవరైనా నా గడప దగ్గర నిలబడి, ఇంకెవరికో కావాలని ఏదైనా అడిగితే, ఎవరికని అడగబోయి ఆగిపోతాను. లోపలికి పోయి, ఉన్నదాంట్లో మంచిది చూసి తెస్తాను.