మార్తమ్మ టీచర్ వద్దన్న ఆదివారం

కథలాపూర్ మండలాఫీసు ఎదురుగా నాకొక చిన్న జిరాక్సు దుకాణం ఉంది. జిరాక్సుల కంటే దరఖాస్తులు రాయించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. మొన్న ఒక ముసలామె పింఛను కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. వాటిని చేతిలోకి తీసుకోగానే తంబాకు వాసన గుప్పుమంది. తడిపిన తునికాకు, తంబాకు పొడి కలిసిన ఘాటు అది. బీడీలు చేసే ఇంట్లో పుట్టిన నాకు కొత్తేమీ కాదు, అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏమైంది బిడ్డా?" అందామె. ఏమీ లేదన్నాను. ఆ పొద్దంతా మార్తమ్మ టీచర్ నా తలలోంచి పోలేదు. ఆమె గురించి ఎవరికైనా చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పబోయిన ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతాను. ఆమె చేసింది మంచో చెడో తేల్చుకోకుండా ఎట్లా చెప్పడం? ఇప్పటికీ తేలలేదు. తేలకుండానే రాస్తున్నాను.

మార్తమ్మ టీచర్ మా ఊరి బడికి వచ్చేనాటికి నేను ఏడో తరగతి చదువుతున్నాను. ఆమె సొంతూరు సిరిసిల్ల. శనివారం బడి వదలగానే వేములవాడ మీదుగా బస్సులో ఇంటికి పోయేది. ఆదివారం చర్చికి వెళ్లి, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేది. మిగతా రోజులు మా కూలోళ్ల వాడకట్టులోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. అంతకుముందు ఏ టీచరూ మా వాడకట్టులో ఉన్నది లేదు. పొట్టి మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండేది గాని దాన్ని విప్పగా నేను ఒకటి రెండుసార్లు కంటే ఎక్కువ చూడలేదు. నడుస్తూ తనలో తాను ఏదో మాట్లాడుకునేది. మొదట్లో ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు.

సాయంత్రం బడి అయ్యాక మా ఇంటి అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్లు. ఒకరోజు ఆమె వచ్చి వాళ్ల మధ్యన కూర్చుంది. కత్తెర తీసుకుని ఆకు కత్తిరించబోయి రెండు ఆకులు పాడుచేసింది. తరువాత ఒక్కొక్కరి పేరూ అడగడం మొదలుపెట్టింది. పక్కింటి ఆమె "సాయిలు పెండ్లాన్ని" అంది.

"గది సాయిలు పేరు. నీదేంది?"

అందరూ నవ్వారు. నన్ను కన్నతల్లి, మా అవ్వ, అప్పుడు నోరు విప్పింది. "నాది లచ్చవ్వ. బళ్లె రాస్తె లక్ష్మేనేమో. నన్నెవ్వలు బళ్లెకు తోలలే."

"నిన్ను లచ్చవ్వనే పిలుస్తరు కద. గట్లనే రాసుకుందాం" అంది టీచరు. నా పలక అడిగి తీసుకుని దాని మీద పెద్దగా రాసి అవ్వ ఒళ్లో, చాట మీద పెట్టింది. అ ఆ లు కాదు, మా అవ్వ మొదట నేర్చుకున్నది తన పేరే. బీడీలు చుట్టీ చుట్టీ అరిగిపోయిన వేళ్లతో బలపం పట్టుకోవడం ఆమెకు రాలేదు. రెండు మూడు నెలలు పట్టింది. పేరు మొత్తం ఒక గీత మీద నిలబడిన రోజు ఆ పలకను మా నాయనకు, బాపుకు, చూపించకుండా దాచిపెట్టింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. సిగ్గేమో.

టీచరుకు ఒక మాట అలవాటు. మా వాడకట్టుకు బోరింగు రాదని ఎవరైనా అంటే "ఎవలు చెప్పిన్రు?" అనేది. గ్రామసభకు ఆడోళ్లు పోరంటే "ఎవలు చెప్పిన్రు?" అనేది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేది. ఎవరు చెప్పారో ఎవరికీ తెలిసేది కాదు. మేము పిల్లలం ఆమెను వెక్కిరిస్తూ ఒకరినొకరం అదే మాట అడిగేవాళ్లం.

ఒకసారి గ్రామసభకు మా వాడకట్టు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోయింది. పంచాయతీ ఆఫీసులో కుర్చీల్లో ఊరి పటేలూ మిగతా మగవాళ్లూ కూర్చున్నారు. మా వాళ్లంతా గోడ పక్కన నిలబడ్డారు. టీచరు వెనక్కి జరిగి మా అవ్వను ముందుకు నెట్టింది. అవ్వ కొంగు సర్దుకుంది. చివరకు, "మా దిక్కు బోరింగు ఎందుకు ఎయ్యలే?" అంది. పటేలు నవ్వి, "గీ మాట నీదా, టీచరమ్మదా?" అన్నాడు.

"నీళ్లు మోసేది నేనే కద" అంది అవ్వ.

అక్కడున్న ఆఫీసరు ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. బోరింగు అప్పుడేమీ రాలేదు. కాని తిరిగి వస్తున్నప్పుడు ఆడవాళ్లు ఎప్పుడూ నడిచే పక్కదారిన కాకుండా ఊరి నడిమధ్య నుంచి నడిచి వచ్చారు. అది ఎవరూ అనుకుని చేసింది కాదు.

ఆ రోజులెట్లాంటివో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా అడవిలోంచి అన్నలు వచ్చిపోతుండేవాళ్లు. వాళ్ల వెనకే పోలీసులు వచ్చేవాళ్లు. మా బాపును పటేలు వెట్టికి పిలవడం అన్నలు వచ్చాకే ఆగింది. తునికాకు కూలి పెరిగిందీ వాళ్ల వల్లనే. అందుకని నాకు వాళ్లంటే ఇష్టం. పక్క ఊళ్లో ఒకాయనను ఇన్ఫార్మరని చంపినప్పుడు నాకు వాళ్లంటే భయం. పోలీసులు వచ్చి, అన్నలకు ఎవరు అన్నం పెట్టారని మా చిన్నాయనను కొట్టినప్పుడు పోలీసులంటే భయం. ఎవరు మావాళ్లు, ఎవరు కారు అని అవ్వను అడిగితే, "ఎవలొచ్చినా నీళ్లే అడుగుతరు బిడ్డా, ఇస్తం" అనేది. అది జవాబో కాదో నాకు తెలిసేది కాదు.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకని తేలింది. టీచరు బడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, "లచ్చవ్వా, నువ్వు నిలవడు" అంది. అవ్వ నవ్వింది. టీచరు నవ్వలేదు. మూడు రోజులు వరుసగా వచ్చింది. మూడో రోజు బాపు, అప్పటిదాకా మూల కూర్చుని వింటున్నవాడు, "నిలవడితె నిలవడు. అన్నం నేను వండుకుంట" అన్నాడు. ఇక అవ్వకు చెప్పడానికి సాకు లేకపోయింది. అవ్వ, టీచరు, నేను ముగ్గురం కథలాపూర్ వెళ్లాం. నామినేషన్ కాగితం మీద అవ్వ సంతకం పెడుతున్నంతసేపూ ఆఫీసరు పెన్ను మూత తిప్పుతూ ఎదురు చూశాడు. బస్సులో వస్తూ అవ్వ, "నాకు గుర్తు ఏమిస్తరో" అని రెండుసార్లు అడిగింది.

నాలుగు రోజులకు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఎర్రక్షరాలతో అన్నల పోస్టరు వెలిసింది. ఎన్నికలు బహిష్కరించాలి, నామినేషన్ వేసినవాళ్లు వాపసు తీసుకోవాలి అని దాని మీద ఉంది. పటేలు తన చుట్టాలామెతో వేయించిన నామినేషన్‌ను ఆ రోజే వాపసు తీయించాడు. మర్నాడు జీపులో పోలీసులొచ్చి, భయపడొద్దు, మేమున్నాం, నిలబడండి అని చెప్పి పన్నెండు కాకముందే వెళ్లిపోయారు. అవ్వ చాట ముందు పెట్టుకుని కూర్చుంది గాని బీడీలు చేయలేదు. "ఇద్దరు చెప్పిపోయేటోళ్లే. ఒక మాట అడుగుదామంటె ఒక్కలు నిలవడరు" అంది. కాసేపటికి తనే, "సోమారం టీచరమ్మ అస్తది. గామెను అడుగుత" అంది.

టీచరు సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం, చర్చిలోనో ఇంట్లోనో ఉండాల్సిన మనిషి, మా గుమ్మంలో నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది. నేనిచ్చిన నీళ్లు తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"లచ్చవ్వా, వాపసు తీస్కో" అంది.

అవ్వకు మొదట అర్థం కాలేదు. "నిలవడుమన్నది నువ్వే కద టీచరమ్మా?"

"అవును. నేనే అన్న. ఇప్పుడు నేనే వద్దంటున్న."

"ఎవలు చెప్పిన్రు?"

అవ్వ వెక్కిరింపుగా అడగలేదు. నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టే అడిగింది. టీచరు కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా మాట విను. నీకు పిల్లలున్నరు" అంది. నీళ్లగ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. అవ్వ ఆమె వెనక గుమ్మం దాకా పోయి, ఆగి, తిరిగి వచ్చింది.

మర్నాడు అవ్వా నేనూ ఇద్దరమే కథలాపూర్ వెళ్లాం. వాపసు కాగితం మీద సంతకం ఈసారి చకచకా పడింది, అక్షరాలు గుండ్రంగా, ఒక్క వంకర లేకుండా. అంత బాగా ఆమె అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. బస్టాండులో పల్లీలు కొనిచ్చింది.

మా ఊరికి సర్పంచి లేకుండానే ఏళ్లు గడిచాయి. మాకు నాలుగైదు మైళ్ల అవతలి ఊళ్లో మాత్రం ఒకామె వాపసు తీసుకోలేదు. పోటీ లేక ఆమే సర్పంచి అయింది. రెండు నెలలు ఇంటికి తాళం వేసి కోరుట్లలో చుట్టాలింట్లో తలదాచుకుంది. తరువాత తిరిగొచ్చింది. ఐదేళ్లూ చేసింది. ఆమెకేమీ కాలేదు. మా అవ్వకూ కాకపోయేదేమో. అయ్యేదేమో. ఇదంతా ఆలోచిస్తే నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది. అవ్వ బతికి ఉన్నందుకు టీచరుకు దండం పెట్టాలా, అవ్వ ముందున్న తలుపు మూసినందుకు కోప్పడాలా?

అవ్వ కొన్నాళ్లు పలక ముట్టలేదు. తరువాత ఏమనుకుందో, ఒక సోమవారం నలుగురు ఆడవాళ్లను తీసుకుని మండలాఫీసుకు బయల్దేరింది. బోరింగు కోసం దరఖాస్తు నేను రాశాను. తప్పులు చూడమని బళ్లో టీచరుకిస్తే, రెండు ఒత్తులు దిద్ది తిరిగిచ్చింది. ఆఫీసులో "మీ సర్పంచి ఏడి?" అని అడిగితే అవ్వ, "లేడు. మేమున్నం" అందట. ఆరో ఏడో సోమవారాలు తిరిగాక బోరింగు పడింది. ఆ రోజు టీచరు కూడా బిందె తెచ్చి వరుసలో నిలబడింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆమెకు బదిలీ అయింది. అవ్వ బస్సు దగ్గరకు రాలేదు గాని, సర్వపిండి రొట్టెలు చేసి నాతో పంపింది. టీచరు ఆ మూట ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి మా వాడకట్టు వైపు చూస్తూ వెళ్లిపోయింది.

చాలా ఏళ్ల తరువాత, అన్నల మాట వినబడడం తగ్గిపోయాక, సిరిసిల్లలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పక్కిళ్లలో మరమగ్గాల చప్పుడు. దగ్గరగా కూర్చుంటే తప్ప మాట వినబడలేదు. మోకాళ్ల నొప్పులతో మంచం మీదే ఉంది. నన్ను గుర్తుపట్టి చాలాసేపు చెయ్యి వదల్లేదు. ఆ ఆదివారం గురించి నేనే అడిగాను.

"గా శనివారం బళ్లెకు ఒకాయన అచ్చిండు" అంది. "మంచిగున్నరా టీచరమ్మా అన్నడు. లచ్చవ్వ మంచిగున్నదా అన్నడు. నీళ్లు తాగి పోయిండు. గంతే."

"అన్నలా, పోలీసులా?"

"గదే తెల్వదు బిడ్డా. మామూలు బట్టలే. చేతిల ఏం లేదు. ఏ దిక్కోడో తెలిస్తె ఒక రకంగ భయపడుదును. తెల్వకపాయె." మోకాళ్లు రాసుకుంటూ అంది. "మీ అవ్వ కోసం భయపడ్డనో, నా కోసం భయపడ్డనో గది గూడ తెల్వది. ప్రార్థనల అడిగిన. ఇప్పటికీ అడుగుతున్న."

ఇంటికొచ్చి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. అవ్వ అప్పటికే ముసలిదైంది, చూపు తగ్గింది. విని, "గట్లనా" అంది. గామెను అనవసరంగ తప్పు పట్టిన అంటుందేమోనని ఎదురుచూశాను. అవ్వ అట్లా అనలేదు.

"గా ముచ్చట నాకు చెప్పేది ఉండె" అంది.

"చెప్తే ఏం చేసేదానివి? వాపసు తీస్కోకపోదువా?"

"తీస్కుందునేమో. తీస్కోకపోదునేమో. నేను ఆలోచన చేద్దును కద." మళ్లీ తనే, "పాపం, ఒక్కతే ఎంత భయపడ్డదో" అంది. ఈ రెండు మాటల్లో ఏది ముందు పెట్టుకోవాలో నాకు తెలియక రెండూ పక్కపక్కనే పెట్టుకుని బతుకుతున్నాను.

ఇప్పుడిద్దరూ లేరు. పంచాయతీ ఎన్నికలొచ్చినప్పుడల్లా నా దుకాణానికి ఆడవాళ్లు వస్తారు. కొందరిని భర్తలు తీసుకొస్తారు, కొందరు ఒక్కరే వస్తారు. కిందటిసారి సర్పంచిగా నిలబడాలని ఒక పిల్ల వచ్చింది. డిగ్రీ చదివింది, ఇంట్లో అత్తకు ఇష్టం లేదు, ఊళ్లో ఎవరో ఫోన్ చేసి బెదిరిస్తున్నారట. నాకు తెలిసిందంతా చెప్పాను. ఎవరి నుంచి సాయం వస్తుందో, ఎవరి నుంచి రాదో, వాపసుకు చివరి గడువు ఎప్పుడో, నేను విన్న చెడ్డ మాటలు కూడా దాచకుండా చెప్పాను. ఆమె అంతా విని, "మీరేమంటరక్కా, నిలవడాల్నా వద్దా?" అంది. నా నోట్లోకి రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి. "నాకు తెల్వది చెల్లె" అన్నాను. సిగ్గుగా ఉన్నా అదే నిజం. "ఏది అనుకున్నా ఆఫీసుకు పోయేటప్పుడు ఫోన్ చెయ్యి, నేనస్త" అన్నాను. ఆమె నామినేషన్ కాగితాలు బ్యాగులో పెట్టుకుని పోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. "అక్కా, పోదామా?" అంది. నామినేషన్ వెయ్యడానికో, ఇక నాకొద్దని ఆ కాగితాలు తిరిగిచ్చి రావడానికో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను.