బావగారి హీట్‌షాక్ ప్రోటీన్లు

మా బావగారితో ఏ కబురు మొదలుపెట్టినా అది హీట్‌షాక్ ప్రోటీన్ల దగ్గరికే చేరుతుంది. వాన గురించి అడిగినా, మోకాళ్ల నొప్పి గురించి అడిగినా అంతే. ఆస్పత్రి పై అంతస్తులో హెచ్ఐవీ మీద పరిశోధన ఆయన ఉద్యోగం. కింద, హెచ్ఐవీ విభాగంలో పరీక్షలకు రక్తం తీయడం నా ఉద్యోగం. ఆయన ఉపన్యాసాలు వినడం జీతం లేని రెండో ఉద్యోగం.

ఓసారి అక్క ఇస్త్రీపెట్టెతో చెయ్యి కాల్చుకుంది. బావగారు ఆ చేతిని కుళాయి కింద పెట్టి మొదలుపెట్టారు.

"ఇప్పుడు నీ చర్మంలో ఏం జరుగుతోందో తెలుసా?"

"మండుతోంది."

"అది కాదు. కణానికి వేడి తగలగానే ఈ ప్రోటీన్లు పుట్టుకొస్తాయి. మిగతా ప్రోటీన్లు నలిగి ముద్దైపోకుండా పట్టుకుని, సరిగ్గా మడతపెడతాయి."

"అయితే ఆ చొక్కాలు కూడా మడతపెట్టమనండి," అంది అక్క.

సెలూన్‌లో మరీ ఘోరం. కత్తెర చేతిలో ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడు?

"వైరస్ కణంలో దూరి, ఆ ప్రోటీన్ల చేతే తన పని చేయించుకుంటుందయ్యా. అలాగని అన్నీ లొంగవు. కొన్ని అడ్డం పడతాయి."

"ఇంతకీ అవి ఎవరి పక్షం సార్?"

"అది తేల్చడానికే నాకు జీతమిస్తున్నారు."

ఈ చర్చలో ఒక పక్క మీసం సగానికి సగం పోయింది. బావగారు చూసుకోలేదు. అక్క చూసింది.

ఒకరోజు ఒక టైలరమ్మ నా గదికి వచ్చింది. హెచ్ఐవీ ఉందని అప్పుడే తెలిసింది. తోడుగా ఆమె వదిన వచ్చింది గానీ, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చుంది. తాకితే అంటుకోదని డాక్టరుగారు ఇద్దరికీ వివరంగా చెప్పారు. వదిన తలూపింది, కుర్చీ మాత్రం మారలేదు. టైలరమ్మ ఒళ్లో చేతులు ముడుచుకుని గోడకేసి చూస్తోంది.

అంతలో బావగారు వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూలబడ్డారు. పాపం, ఈవిడకు ఇదొకటి తక్కువైందా అనుకున్నాను.

"జ్వరం వచ్చిందామ్మా?"

"వచ్చింది సార్."

"అయితే ప్రోటీన్లు పుట్టే ఉంటాయి." అరగంట చెప్పారు. చెప్పి, లేచి నిలబడి, వదినను తన కుర్చీలోకి పిలిచారు. "బొమ్మ గీద్దామంటే నాకు రాదు. ఈవిడ నలిగిపోతున్న ప్రోటీన్. మీరు హీట్‌షాక్ ప్రోటీన్. ఆ చెయ్యి పట్టుకోండి."

వదిన నావైపు చూసింది. టైలరమ్మ రెండో చెయ్యి అప్పటికే బావగారి చేతిలో ఉంది. వదిన ఇవతలి చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"గట్టిగా. వదిలితే ముద్దైపోతుంది."

తర్వాత వైరస్ గురించి, మాత్రల గురించి ఎంతసేపు చెప్పారంటే, చెయ్యి వదలడం వదిన మర్చిపోయింది. ఇద్దరూ అలాగే బయటికి వెళ్లారు.

"బావగారూ, ఈ పాఠానికి చేతులు కావాలా?" అని అడిగాను.

"అక్కర్లేదు."

"మరి?"

"అంటుకోదని డాక్టరు చెబితే ఆవిడ చెవి నమ్మింది, చెయ్యి నమ్మలేదు. దానికి విడిగా చెప్పాలి కదా," అని మేడెక్కి వెళ్లిపోయారు.

తర్వాతి పరీక్షకు వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఆ సార్ ఉన్నారా?" అని అడిగింది వదిన.

"ఉన్నారు. పిలవనా?"

"వద్దు బాబూ. ఆయన దిగేలోపు రక్తం తీసేయండి."

టైలరమ్మ నవ్వాపుకోలేక వదిన భుజం మీద వాలిపోయింది.