మిల్లు హోరులో పోయిన గొంతు

మా అత్తవారిల్లు మండపేటలో, రైసుమిల్లు ఆవరణలోనే. మిల్లు నడుస్తున్నంతసేపూ ఇల్లంతా సన్నగా వణుకుతూ ఉండేది. బిందెలో నీళ్ళ మీద ముడతలు లేచేవి. ఎండలో ఊక దుమ్ము బంగారు పొగలా తేలేది. మగవాళ్ళని భోజనానికి పిలవడం కోడలిగా నా పని. గుమ్మంలో నిలబడి "ఏవండీ!" అంటే ఆ హోరులో మావారికి వినపడేది కాదు. ఇంకా గట్టిగా అరిస్తే కాటా దగ్గరున్న వాళ్ళంతా ఒక్కసారే తిరిగి చూసేవారు.

"పేరెట్టి పిలిస్తే వాడొక్కడే తిరుగుతాడు కదమ్మా" అని నవ్వేవారు మామగారు.

"అవ్వ! అదేం మాటండీ?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకునేవారు.

ఒక మధ్యాహ్నం అలా అరుస్తుంటే గొంతులో ఏదో చురుక్కుమంది. సాయంత్రానికి బొంగురుపోయింది. మిరియాల పాలు, కరక్కాయ ముక్క, పటికబెల్లం అన్నీ అయ్యాయి. వానాకాలం వెళ్ళిపోయింది గానీ గొంతు రాలేదు. ఏడాది నిండని నా కూతురు అంతకుముందు నా జోలపాటకే నిద్రపోయేది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే, పరాయి మనిషెవరో ఎత్తుకున్నట్టు నా ముఖంలో వెతికేది. అమ్మ గొంతు ఎలా ఉంటుందో దానికి ఇక గుర్తుండదేమో అని నా బెంగ.

గొంతుకి విశ్రాంతి అని నేను గుసగుసలు మొదలుపెట్టాను. నాకు తోడుగా అత్తగారూ గుసగుసగానే మాట్లాడేవారు.

రాజమండ్రి డాక్టరుగారు గొంతులోకి సన్నటి కెమెరా గొట్టం పంపి టీవీలో చూపించారు. ముంజె పొరల్లా తెల్లగా రెండు స్వరతంత్రులు, ఊపిరికి తెరుచుకుంటూ మూసుకుంటూ. ఒకదాని అంచున ఎర్రటి బుడిపె. నీళ్ళ అడుగున ఏదో జీవిని చూస్తున్నట్టు అలా చూస్తూ ఉండిపోయాను.

"దీన్ని పాలిప్ అంటారమ్మా. గట్టిగా అరిచినప్పుడు సన్నటి రక్తనాళం చిట్లి ఉంటుంది. ఇంత పెద్దది మందులకి తగ్గదు. ఆపరేషన్ చేసి తీసి, పరీక్షకి పంపుదాం."

"గుసగుసగానే మాట్లాడుతోందండి, ఆయ్" అన్నారు అత్తగారు, గుసగుసగానే.

"అదే వద్దండి. గుసగుసలాడితే గొంతు ఇంకా బిగుసుకుంటుంది."

"మరి ఇన్నాళ్ళూ నేనెందుకండీ ఇలా చచ్చాను?" అత్తగారి గొంతు వరండా దాకా వినపడింది.

నోటిలోంచే బుడిపె తీశారు. ప్రమాదం లేనిదని పరీక్షలో తేలింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పూర్తి మౌనం. లోకం అద్దం అవతల జరుగుతున్నట్టుండేది. మగవాళ్ళని పిలవడానికి అత్తగారు కంచం మీద గరిటెతో కొట్టేవారు. నేను కూతురి జుట్టులో వేళ్ళు పోనిచ్చి, పాటని లోపలే పాడుకునేదాన్ని.

మౌనం అయ్యాక, పెదాలు మూసి మెల్లగా "మ్" అనమని ఆస్పత్రిలో నేర్పారు. ఇంటికొచ్చేసరికి కరెంటు పోయి మిల్లు ఆగి ఉంది. పాపని ఒళ్ళో పెట్టుకుని "మ్..." అన్నాను. గొంతు వచ్చింది. మునుపటిది కాదు, కొంచెం సన్నగా, కొత్తగా ఉంది. పాప కదలకుండా నా పెదాలకేసి చూసింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. కాసేపటికి తనూ పెదాలు బిగించి, "మ్" అంది.